పిల్లలుండగానే అంతరించిపోయిన బిరుదు: మార్క్వెస్ వెల్లస్లీ కథ

స్కూల్లో సైన్య సహకార పద్ధతి చదువుకున్న ప్రతి ఒక్కరికీ గవర్నర్ జనరల్ వెల్లస్లీ పేరు తెలుసు. ఆయన అసలు పేరు రిచర్డ్ వెల్లస్లీ, పెద్ద బిరుదు మార్క్వెస్ వెల్లస్లీ (ప్రభువుల బిరుదుల్లో డ్యూక్ తర్వాతిది మార్క్వెస్, దానికింద ఎర్ల్, అన్నిటికంటే కింద బారన్). 1842 సెప్టెంబర్ 26న ఆయన చనిపోగానే ఆ బిరుదు కూడా అంతరించింది. వారసులు లేక పోయిందని చాలామంది అనుకుంటారు కానీ, ఆయనకు ఐదుగురు పిల్లలు పుట్టారు, వాళ్ళలో ముగ్గురు మగపిల్లలే. పెద్దకొడుకు తండ్రికంటే ముందే పోయాడు, కానీ హెన్రీ అనే కొడుకు 1866 దాకా బతికే ఉన్నాడు. అయినా బిరుదు ఆయనకి రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పే ముందు ఈ కుటుంబానికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. వీళ్ళు పుట్టుకతో వెల్లస్లీలు కాదు, ఐర్లాండ్‌లోని కోలీ కుటుంబం వాళ్ళు. రిచర్డ్ తాతగారికి 1728లో వెస్లీ ఇంటిపేరున్న బంధువు ఆస్తి కలిసొచ్చింది. ఆస్తితో పాటు ఆయన ఇంటిపేరు కూడా మార్చుకున్నాడు. 1746లో బారన్ మోర్నింగ్టన్ అయ్యాడు, ఆయన కొడుకు 1760లో ఎర్ల్ ఆఫ్ మోర్నింగ్టన్ అయ్యాడు. 1781లో తండ్రి పోతే రిచర్డ్ రెండో ఎర్ల్ అయ్యాడు. తర్వాత వెస్లీ అనే స్పెల్లింగ్‌ని పాతకాలపు వెల్లస్లీగా మార్చింది కూడా ఈయనే. అంటే బంధువు ఆస్తి కోసం ఇంటిపేరు మార్చుకుంటే ఆ సమాజానికి ఏ అభ్యంతరమూ లేకపోయింది.

1798లో ఆయన కలకత్తా చేరాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో నిజాం అలీ ఖాన్‌తో సైన్య సహకార ఒప్పందం, మరుసటి నెలలో హైదరాబాద్‌లోని ఫ్రెంచి అధికారుల పటాలాల రద్దు, 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మరణం. 1800లో నిజాం బళ్ళారి, కడప ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. మనం దత్త మండలాలు అని చదువుకున్నది వాటి గురించే. మైసూరు విజయానికి బహుమానంగా 1799 డిసెంబర్‌లో రాజు ఆయనకి మార్క్వెస్ బిరుదిచ్చాడు, కానీ అది ఐర్లాండ్ బిరుదు. ఐర్లాండ్ బిరుదుతో బ్రిటన్ ప్రభువుల సభలో సీటు రాదు, హోదాలో కూడా ఇంగ్లండ్ బిరుదు కింద లెక్క. ఆయనకి విపరీతమైన కోపం వచ్చింది, అది బంగారు పూత పూసిన బంగాళాదుంప అని ఉత్తరం రాశాడు. ఆయన ఇక్కడ చేసిన పనుల మీద నాకు గౌరవం లేదు. ఆ పిల్లల సంగతి మాత్రం వేరు.

వాళ్ళ తల్లి హయసింత్ రోలాన్, ప్యారిస్ నటి. రిచర్డ్, ఆమె ఏళ్ళ తరబడి కలిసి ఉన్నారు, ఐదుగురు పిల్లలు పుట్టాక 1794 నవంబర్‌లో పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళి తర్వాత ఇంకెవరూ పుట్టలేదు. ఆయన ఇండియా వస్తుంటే ఆమె పిల్లలతో ఇంగ్లండ్‌లోనే ఉండిపోయింది, తిరిగి వెళ్ళాక కొన్నాళ్ళకి విడిపోయారు, 1816లో ఆమె చనిపోయింది. 1825లో ఆయన అమెరికా నుంచి వచ్చిన మేరియన్ పాటర్సన్‌ని రెండో పెళ్ళి చేసుకున్నాడు, వాళ్ళకి పిల్లలు లేరు.

బిరుదు ఇస్తూ రాజు రాసిచ్చే పేటెంట్‌లో వారసత్వం ఎవరికో ముందే రాసి ఉంటుంది. మామూలుగా అది చట్టబద్ధంగా పుట్టిన మగ సంతానానికి మాత్రమే. ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులు తర్వాత పెళ్ళి చేసుకున్నా ముందు పుట్టిన పిల్లలు చట్టబద్ధులు కారు. ఇదేమీ పొరపాటున మిగిలిపోయిన నియమం కాదు. 1236లోనే చర్చి పెద్దలు అలాంటి పిల్లల్ని గుర్తించమని అడిగితే, ఇంగ్లండ్ చట్టాలను మార్చేది లేదని బారన్లు తెగేసి చెప్పారు. ఆ మాట దాదాపు ఏడు వందల ఏళ్ళు నిలబడింది. దత్తత కూడా చెల్లదు. దత్తత వారసుల్ని ఒప్పుకోకుండా సతారా, ఝాన్సీ, నాగపూర్ లాక్కున్న డల్హౌసీకి కూతుళ్ళే ఉండటంతో ఆయన మార్క్వెస్ బిరుదు కూడా 1860లో ఆయనతోనే ఆగిపోయింది.

నాకు ఒళ్ళు మండేది ఇంకో విషయానికి. రెండో ఛార్లెస్ రాజు పెళ్ళి లేకుండా పుట్టిన కొడుకుల్ని వరసబెట్టి డ్యూకుల్ని చేశాడు, 1831లో నాలుగో విలియం తన కొడుకుని ఎర్ల్ ఆఫ్ మన్‌స్టర్ చేశాడు. వారసత్వంగా రాకపోతేనేం, కొత్త పేటెంట్ రాసిచ్చారు. నెల్సన్ బారన్ బిరుదు విషయంలో 1801లో తండ్రికి, అక్కచెల్లెళ్ళ కొడుకులకి కూడా వెళ్ళేలా ప్రత్యేకంగా రాశారు. అంటే దారి ఉంది, మనసుంటే రాయొచ్చు. వెల్లస్లీ పిల్లల కోసం మాత్రం ఎవరూ రాయలేదు.

1842 తర్వాత పాత మోర్నింగ్టన్ ఎర్ల్ బిరుదు తమ్ముడు విలియంకి వెళ్ళింది. ఆయన కొడుకు పెద్ద ఆస్తిపరురాలిని పెళ్ళాడి, వాన్‌స్టెడ్ హౌస్ అనే మహా భవనాన్ని కూలగొట్టి అమ్ముకునే దాకా అప్పులు చేసి, 1857లో డబ్బుల్లేని స్థితిలో పోయాడు. ఆ ఎర్ల్ కొడుకు 1863లో పెళ్ళి కాకుండానే చనిపోవడంతో బిరుదు ఇంకో తమ్ముడి శాఖకి, అంటే వాటర్లూ గెలిచిన ఆర్థర్ కొడుకైన రెండో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌కి చేరింది. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. ఆస్తి తగలేసినవాడు చట్టప్రకారం పుట్టాడు కాబట్టి ఎర్ల్ అయ్యాడు. ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ ఇన్ హాల్ ప్రిన్సిపాల్ దాకా ఎదిగిన హెన్రీకి ఏ బిరుదూ లేదు.

వంశం అంతరించిందా అంటే, అస్సలు లేదు. కూతురు ఆన్ రెండో పెళ్ళి చేసుకున్నది ఛార్లెస్ బెంటింక్‌ని, సతీసహగమనాన్ని నిషేధించిన గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ సొంత తమ్ముడిని. ఆన్ మనవరాలు సిసీలియా, ఆమె కూతురు ఎలిజబెత్ బోస్ లయన్, అంటే రెండో ఎలిజబెత్ రాణి తల్లి. ఇప్పటి రాజు మూడో ఛార్లెస్ ఈ బోస్ లయన్ మనవడే. హయసింత్ పిల్లలకి మార్క్వెస్ బిరుదు దక్కకూడదన్న దేశంలోనే ఆమె సంతతి సింహాసనం మీద కూర్చుంది.

1926లో చట్టం మారింది, తల్లిదండ్రుల పెళ్ళితో ముందు పుట్టిన పిల్లలు కూడా చట్టబద్ధులవుతారు. కానీ అందులోనే బిరుదుల వారసత్వానికి ఇది వర్తించదని రాసేశారు, 1976 చట్టంలో కూడా అలాగే ఉంచారు. స్కాట్లాండ్‌లో మాత్రం ఇలాంటి పిల్లలకి బిరుదు రావడం పాతకాలం నుంచీ ఉంది, దానివల్ల అక్కడ కొంపలేమీ మునగలేదు. 2004లో దత్తత పిల్లలకి గౌరవ సంబోధనలు వాడుకునే వీలిచ్చారు, వారసత్వం మాత్రం ఇవ్వలేదు. కాబట్టి ఇంగ్లండ్‌లో ఈరోజు ఒక ఎర్ల్‌కి పెళ్ళికి ముందు కొడుకు పుట్టి, ఆ తర్వాత తల్లిదండ్రులు పెళ్ళి చేసుకున్నా, హెన్రీకి జరిగిందే ఆ పిల్లాడికీ జరుగుతుంది.