ఒంటెల మీద ఎడారి ప్రయాణం: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

స్నేహితుల బృందాలను ఒంటెల మీద ఎడారిలోకి తీసుకెళ్లడం నా పని. బయల్దేరే ముందు రోజు సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడతాను. ఒంటె కరుస్తుందా, ఉమ్ముతుందా, పడేస్తుందా అని అడుగుతారు. నాకు ఒంటెల గురించి అంత టెన్షన్ ఉండదు. నీళ్లు తాగని మనిషి గురించి, గుంపు నుంచి విడిపోయే మనిషి గురించే ఉంటుంది.

అపోహ: ఒంటె మూపురంలో నీళ్లు దాచుకుంటుంది.

మూపురంలో ఉండేది కొవ్వు. 1950ల్లో క్నూట్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త సహారాకు వెళ్లి ఒంటెలను పరిశీలించి, వాటి ఒంట్లో ప్రత్యేకంగా నీళ్ల తొట్టి లాంటిదేమీ లేదని తేల్చారు. ఒంటె గొప్పతనం ఉన్న నీటిని పోగొట్టుకోకపోవడంలో ఉంది. నీళ్లు దొరకని రోజుల్లో దాని ఒంటి వేడి తెల్లవారుజామున 34 డిగ్రీల దాకా దిగి, మధ్యాహ్నానికి 40 దాటుతుంది. ఒళ్లు అంత వేడెక్కినా తట్టుకుంటుంది కాబట్టి చెమట రూపంలో నీళ్లు ఖర్చు చేయాల్సిన అవసరం తక్కువ. ఒంటి బరువులో నాలుగో వంతు నీరు పోయినా నడుస్తుంది. తర్వాత నీళ్లు కనిపిస్తే పది పదిహేను నిమిషాల్లో దాదాపు వంద లీటర్లు తాగేస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒంటెను చూసి మనుషులు తప్పు పాఠం నేర్చుకుంటున్నారు.

అపోహ: ఎడారిలో నీళ్లు పొదుపుగా, గుక్కెడు గుక్కెడుగా తాగాలి.

మీరు తక్కువ తాగినంత మాత్రాన చెమట తగ్గదు. ఎండలో నడిచే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. పొడిగాలికి అది వెంటనే ఆరిపోతుంది కాబట్టి చొక్కా తడవదు, నాకు చెమటే పట్టలేదని అనుకుంటారు. సీసాలో మిగిలిన నీళ్లు మిమ్మల్ని కాపాడవు, కడుపులోకి వెళ్లినవే కాపాడతాయి. చల్లని కాలంలో మనిషికి రోజుకు తాగడానికే కనీసం నాలుగు లీటర్ల లెక్కన మోయిస్తాను. ఎండ ఎక్కువైతే ఆరు. వంటకు వేరు. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. అందుకే భోజనం మానకూడదు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గర ఉండాలి.

దాహాన్ని నమ్మకండి, మూత్రం రంగు చూడండి. ముదురు పసుపు అయితే మీరు ఇప్పటికే వెనకబడ్డారు. ఇక్కడే స్నేహితులు పక్కన ఉండటం నిజంగా పనికొస్తుంది. ఎప్పుడూ అందరినీ నవ్వించే మనిషి ఉన్నట్టుండి చిరాకు పడుతున్నా, మౌనంగా అయిపోయినా ముందు నీడలో కూర్చోబెట్టి నీళ్లు ఇవ్వండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే ఒళ్లంతా తడిపి గాలి విసురుతూ వైద్యసాయం కోసం కబురు పంపాలి.

నీళ్లు అయిపోతే నాగజెముడు కోసుకుని తాగొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు. ఆ జాతి మొక్కలు దాదాపు అన్నీ అమెరికా ఖండాలవి. అక్కడ కూడా చాలా రకాల రసం తాగితే వాంతులు, విరేచనాలు అవుతాయి. ఉన్న నీరు కూడా పోతుంది.

అపోహ: ఒంటె నడుస్తుంది, మనం ఊరికే కూర్చుంటే చాలు.

మొదటి రోజు రెండు గంటలకే చాలామంది దిగి నడుస్తామంటారు. ఒంటె నడకలో ఒక పక్క కాళ్లు రెండూ దాదాపు కలిసే కదులుతాయి. అందుకే పడవలో కూర్చున్నట్టు ఊగుతుంది. బిగుసుకుని కూర్చుంటే నడుము పట్టేస్తుంది, నడుమును వదులుగా ఉంచి ఆ ఊపుతోపాటే ఊగాలి. జీన్స్ వేసుకోకండి, ఆ కుట్లకు తొడలు ఒరుసుకుపోతాయి. వదులుగా, ఒళ్లంతా కప్పే నూలు బట్టలు మేలు. ఒంటె గంటకు నాలుగైదు కిలోమీటర్లు, అంటే మన నడక వేగంతోనే వెళ్తుంది. కాసేపు నడక, కాసేపు స్వారీ, నాకు తెలిసి ఇదే హాయిగా సాగే పద్ధతి.

ఇంకొకటి. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు మొదట లేపుతుంది. కూర్చునేటప్పుడు ముందు కాళ్ల మోకాళ్లు మొదట వంచుతుంది. రెండుసార్లూ మీరు ముందుకు తూలతారు. కాబట్టి రెండుసార్లూ వెనక్కి వాలి జీనును గట్టిగా పట్టుకోండి. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం ఆ కొద్ది క్షణాల్లో తగిలినవే.

అపోహ: ఉమ్మే ఒంటె ప్రమాదం, నోట్లోంచి బుడగ తీసే ఒంటె ముద్దుగా ఉంటుంది.

మనుషులకు అలవాటుపడిన ఒంటె బెదిరితే తప్ప ఉమ్మదు. ఉమ్మినా బట్టలు పాడవుతాయి, అంతే. కానీ ఎడారి ప్రయాణాలకు అనువైన చలికాలమే ఒకే మూపురం ఉండే ఒంటెలకు జతకట్టే కాలం కూడా. అప్పుడు మగ ఒంటె నోటి పక్కనుంచి గులాబీ రంగు బుడగలాంటిది బయటికి తీసి గురగురమంటుంది, నురగ కారుస్తుంది. అది నాలుక కాదు, అంగిలి మెత్తటి భాగం గాలితో ఉబ్బి వస్తుంది. ఫోటో కోసం దగ్గరికి పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఆ సమయంలో దాని కాటు ఎముకలు విరిచేస్తుంది. దూరంగా ఉండండి.

అపోహ: ఎడారి అంటే ఇసుక, ఎండ. వాన ఎక్కడిది?

సహారాలో ఇసుక సుమారు నాలుగో వంతే, మిగతాదంతా ఎక్కువగా రాళ్లూ గులకా. రాత్రి చలికి మందపాటి దుప్పటి కావాలి. వాన మాట తేలిగ్గా తీసుకోకండి. ఎక్కడో దూరాన కురిసిన వాన ఎండిన వాగులో గోడలా దూసుకొస్తుంది. ఏళ్ల తరబడి ఎడారుల్లో తిరిగిన రచయిత్రి ఇజబెల్ ఎబర్‌హార్ట్ 1904లో అల్జీరియాలోని ఐన్ సెఫ్రాలో అలాంటి వరదలోనే 27 ఏళ్లకు చనిపోయారు. వాగు అడుగున ఇసుక మెత్తగా, గాలి తగలకుండా ఎంత బాగున్నా అక్కడ గుడారం వేయనివ్వను.

అపోహ: క్యాంపు పక్కనే ఉన్నాం కదా, ఎక్కడికి తప్పిపోతాం?

ఒక రాత్రి ఒక కుర్రాడు ఫోన్ సిగ్నల్ కోసం దిబ్బ అవతలికి వెళ్లాడు. చేతిలో ఫోన్ వెలుగు తప్ప టార్చ్ లేదు. దిబ్బ దిగగానే క్యాంపు మంట కనబడదు, మాటలు వినబడవు. వెనక్కి వస్తున్నాననుకుని ఇంకో దిబ్బ ఎక్కాడు, ఆ తర్వాత ఇంకోటి. గంట తర్వాత, మేము వెతుకుతున్న వైపుకు పూర్తిగా ఎదురు దిక్కున దొరికాడు. అతను తెలివితక్కువవాడు కాదు. 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ట్యునీషియా ఎడారిలో మనుషులను తిన్నగా నడవమని చూశారు. రాత్రి నడిచిన వ్యక్తి చంద్రుడు కనబడినంతసేపు తిన్నగానే వెళ్లాడు. చంద్రుడు మరుగయ్యాక చాలాసార్లు మలుపు తిరిగి, వచ్చిన దిక్కుకే మళ్లిపోయాడు. తాను తిరిగిపోతున్న సంగతి నడిచే మనిషికి తెలియదు.

ఆ రాత్రి నుంచి నా బృందంలో అందరినీ జతలుగా విడదీస్తున్నాను. పక్కకు వెళ్లేటప్పుడు జతవాళ్లకు చెప్పి వెళ్లాలి, అర్ధరాత్రి అయినా లేపాలి. దగ్గర్లోని ఎత్తైన దిబ్బ కొసన ఒక లాంతరు తెల్లవార్లూ వెలుగుతూ ఉంటుంది. అందరి మెడలో విజిల్ ఉంటుంది. లాంతరు కనబడకపోతే ఒక్క అడుగు కూడా వేయకుండా, ఉన్నచోటే కూర్చుని మూడేసిసార్లు ఊదాలి. మేమే వస్తాం.