సమాధి షిర్డీలో, గొడవ విగ్రహం దగ్గర

వారణాసిలో బడా గణేశ్ గుడి నుంచి 2024 అక్టోబరులో సాయిబాబా విగ్రహాన్ని తీసేశాక, ఇక్కడ మన కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో పాత ప్రశ్న మళ్ళీ మళ్ళీ లేస్తోంది. షిర్డీ సాయి హిందువుల దేవుడేనా? ఎవరో ఒకరు వీడియో పెడతారు, ఇంకొకరు తిడతారు, పెద్దాయన ఒకరు గ్రూపు వదిలి వెళ్ళిపోతారు.

బాబా ఎక్కడ పుట్టారు, ఏ మతంలో పుట్టారు అన్నది తేలే సంగతి కాదు. 2020 జనవరిలో మహారాష్ట్రలోని పాథ్రీ అనే ఊరిని జన్మస్థలంగా చెప్పి నిధులు ప్రకటిస్తేనే షిర్డీ బంద్ అయింది. దాన్ని పక్కన పెడదాం. ఈ గొడవ మొత్తానికి మూలం ఆయన పుట్టుకలో లేదు, ఆయన్ని ఎక్కడ ఉంచారన్న దాంట్లో ఉంది.

1918 అక్టోబరు 15, విజయదశమి. మధ్యాహ్నం బాబా పోయారు. సాయంత్రానికే ఊరు రెండుగా చీలింది. ఖాళీ స్థలంలో ఖననం చేసి సమాధి కట్టాలని ముస్లిం భక్తులు, వాళ్ళతో పాటు కొందరు హిందువులూ పట్టుబట్టారు. మిగతావాళ్ళు వాడాలోనే, అంటే అక్కడి పెద్ద రాతి భవనంలోనే, ఉంచాలన్నారు. ఆ వాడా నాగ్‌పూర్ ధనికుడు బుట్టీ కట్టిస్తున్నది. అందులో మురళీధరుడి విగ్రహం పెట్టాలని ఆయన అనుకున్నాడు. మాట తెగక రెవెన్యూ అధికారి వచ్చాడు, జనం అభిప్రాయం తీసుకున్నారు. వాడా పక్షానికి రెట్టింపు ఓట్లు పడ్డాయి. చివరికి, కృష్ణుడి కోసం అనుకున్న చోట ఫకీరును పడుకోబెట్టారు. దహనం మాత్రం కాదు, ఖననమే. అంటే ఓడినవాళ్ళ మాట కూడా సగం నిలిచింది. ఈ సగం సంగతి ఇప్పటి వాదనల్లో ఎవరూ ఎత్తరు.

తర్వాత చాలాకాలం సమాధిని చూసుకున్నది నాందేడ్ నుంచి వచ్చిన అబ్దుల్ బాబా. రోజూ పూలు పెట్టి, ఊడ్చి, దీపాలు వెలిగించింది ఆయనే. ఆయన 1954లో పోయాడు. అదే ఏడాది దసరాకు శిల్పి తాలీం చెక్కిన పాలరాతి విగ్రహాన్ని సమాధి వెనక ప్రతిష్ఠించారు. అప్పటికే 108 సంస్కృత నామాల అష్టోత్తరం తయారుగా ఉంది. దాన్ని కూర్చింది సేలం లాయరు బి.వి.నరసింహస్వామి. మద్రాసు నుంచి దక్షిణాదికంతా సాయిని చేర్చిందీ ఆయనే.

నాకు తోచింది ఇది. సమాధిని దిల్‌సుఖ్‌నగర్‌కు తేలేం, విగ్రహాన్ని తేగలం. విగ్రహం వస్తే అభిషేకం, అష్టోత్తరం, పూజారి, హుండీ అన్నీ వెంట వస్తాయి. గురువారం దిల్‌సుఖ్‌నగర్ గుడి ముందు చెప్పుల స్టాండ్ దగ్గర నిలబడితే చాలు, ఆ లైను ఏ వెంకన్న గుడి లైనుకూ తీసిపోదు. మా అత్తయ్య కాకడ హారతి పుస్తకం చూసి పాడుతుంది. భాష మరాఠీ, అక్షరాలు తెలుగు, వరస పండరీపురం విఠలుడిది. ఒక్క ముక్క అర్థం తెలియదు, ఒక్క తప్పూ పోదు. 2002 నవంబరులో, అదీ ఒక గురువారమే, ఈ గుడి దగ్గర బాంబు పేలి ప్రాణాలు పోయాయి. ఇది హిందువుల గుడేనా అని ఆ రోజు అడిగినవాళ్ళు లేరు.

అడిగింది 2014లో, ద్వారకా శంకరాచార్య స్వరూపానంద సరస్వతి. సాయి దేవుడూ కాదు, గురువూ కాదు, హిందువులు పూజించకూడదు అన్నారు. ఆ ఆగస్టులో ఛత్తీస్‌గఢ్‌లోని కవర్ధాలో జరిగిన సాధువుల సభ, ధర్మసంసద్, కూడా అదే తేల్చింది. శాస్త్రంలో లేడు, మసీదులో ఉన్నాడు, అల్లా మాలిక్ అన్నాడు అన్నది వాళ్ళ వాదన. అబద్ధం ఏదీ లేదు. కానీ మంత్రాలయంలో మనం మొక్కేది బృందావనానికి, అంటే రాఘవేంద్రస్వామి సమాధికి. కందిమల్లాయపల్లెలో మొక్కేది బ్రహ్మంగారి జీవసమాధికి, ఆయన ముఖ్యశిష్యుడు సిద్దయ్య దూదేకులవాడు. తెలుగువాళ్ళకు శాస్త్రం కంటే సమాధి దగ్గరి చుట్టం.

చట్టం దారి ఇంకోటి. మన దేవాదాయ చట్టం, 1987 నాటి 30వ చట్టం, గుడి అంటే ఏమిటో చెప్పేటప్పుడు అక్కడ ఎవరు మొక్కుతున్నారని చూస్తుంది. హిందూ సమాజం గానీ అందులో ఒక వర్గం గానీ హక్కుగా పూజలు చేసుకునే చోటు గుడే. లోపలున్న మూర్తి ఏ కులంలో, ఏ మతంలో పుట్టాడన్న ప్రశ్న అందులో లేదు.

అసలు చిక్కు సాయి సొంత గుళ్ళలో కాదు. వారణాసిలో తీసిందీ వేరే దేవుడి గుడి నుంచే. హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్ళినా ఒకే కప్పు కింద శివలింగం, నవగ్రహాలు, పక్కన తలపాగాతో బాబా కనిపిస్తారు. మధ్యలో పెద్ద గద్దె ఎవరిది, మూలన ఎవరు అన్నది చాలాచోట్ల గుడి కట్టిన రోజుల్లో చందా ఎక్కువ ఇచ్చినవాళ్ళు తేల్చిన విషయం. ఇప్పుడు దాన్నే ధర్మసందేహంగా అడుగుతున్నారు.