హుషారుగానే ఉంది కదా అని ఆగితే...

ఎలుకల మందు తిన్న కుక్కను ఆలస్యంగా నా దగ్గరకు తెచ్చినవారు తరచూ చెప్పే మాట ఒకటుంది: "తిన్నాక కూడా హుషారుగానే ఉంది డాక్టరుగారూ, అందుకే చూద్దామని ఊరుకున్నాం." లక్షణాలు కనిపించకపోతే విషం ఎక్కనట్టేనన్న ఈ అపోహ తీసినన్ని ప్రాణాలు, నేను చూసినంతలో, మరే అపోహా తీయలేదు.

బ్రోమాడియోలోన్ వంటి ఎలుకల మందులు శరీరం విటమిన్ కెను తిరిగి వాడుకోకుండా అడ్డుకుంటాయి, అది లేనిదే రక్తం గడ్డకట్టించే కారకాలు కొత్తగా తయారుకావు. ఆ కారకాలు అప్పటికే ఒంట్లో కొన్ని ఉంటాయి కనుక, అవి అడుగంటేదాకా, అంటే సాధారణంగా 3 నుంచి 5 రోజుల వరకు, కుక్క మామూలుగానే తింటుంది, తోక ఊపుతుంది. ఆ తరువాత చిగుళ్లు పాలిపోతాయి, ఆయాసం మొదలవుతుంది. రక్తస్రావం ఛాతీలో జరిగితే బయటకు ఒక్క చుక్క కూడా కనిపించకపోవచ్చు. నాలుగో రోజున ఒక ల్యాబ్రడార్‌ను అలాగే ఎత్తుకొచ్చారు, మేము దక్కించుకోలేకపోయాం. తప్పంతా తనదేనని యజమాని కుమిలిపోయారు గానీ, "ఒకసారి విరేచనమైతే అంతా పోతుంది" అని ఆయనకు ఫోనులో ధైర్యం చెప్పిన పుణ్యాత్ములెవరో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి రోజే వచ్చి ఉంటే కొన్ని వారాల పాటు విటమిన్ కె1 మాత్రలు, అవి ఆపిన 48 నుంచి 72 గంటల మధ్య ఒక రక్తపరీక్ష, బహుశా అంతటితో పోయేది.

పిల్లుల విషయంలో బొకేల్లో పెట్టే పెద్ద లిల్లీ పూలదీ ఇదే తీరు. ఒంటికి అంటిన పుప్పొడిని నాకినా చాలు. ఒకటి రెండు వాంతులై తేరుకున్నట్టే కనిపిస్తుంది, ఈలోగా 1 నుంచి 3 రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక ఉప్పునీళ్లు తాగించి కక్కించడమనే ఇంటి వైద్యాన్ని దయచేసి మానండి. ఆ ఉప్పే విషమవుతుంది. ఫినాయిల్ తాగినప్పుడు వాంతి చేయిస్తే గొంతు మళ్లీ కాలుతుంది, కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు విరుగుడు కావు. జింక్ ఫాస్ఫైడ్ రకం ఎలుకల మందు తిన్నప్పుడు అన్నం పెట్టడం మరీ ప్రమాదం, ఎందుకంటే ఆహారంతో కడుపులో ఆమ్లం ఊరి విషవాయువు ఎక్కువగా పుడుతుంది. పిల్లికి జ్వరమని పారాసిటమాల్ వేయకండి, 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే దాన్ని చంపగలదు. దాని నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగకండి.

ఏదైనా తిన్నదన్న అనుమానం రాగానే మందు ప్యాకెట్టు, తిన్న సమయం, జంతువు బరువు, ఈ మూడు వివరాలతో బయలుదేరండి. మొన్న అర్ధరాత్రి ఒకామె కొరికిన ప్యాకెట్టు తెచ్చి, "అనవసరంగా నిద్ర లేపానేమో" అని నొచ్చుకున్నారు. తూచి చూస్తే లోపలి బిళ్లలన్నీ ఉన్నాయి, కుక్కపిల్ల కొరికింది అట్ట మాత్రమే. ఆ నిద్ర చెడినందుకు నాకు ఏ బాధా లేదు.