ఏళ్ల కింద తప్పిపోయిన మనిషి: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో నేను చేసే డిటెక్టివ్ పనిలో పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే ఎక్కువ. తప్పిపోయినవాళ్ల కేసులు తక్కువే వస్తాయి, వచ్చేవి కూడా చాలావరకు పాతవి. ఐదేళ్ల కింద పోయినవాళ్లు, పదేళ్ల కింద పోయినవాళ్లు. వచ్చినవాళ్లు కూర్చోకముందే ఫొటో తీసి టేబుల్ మీద పెడతారు. నేను ముందుగా అడిగేది "ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చారా?" అని. చాలామంది దగ్గర ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "అప్పుడే కంప్లైంట్ ఇయ్యలే. ఇన్నేళ్లకు పోతే ఎవరు తీసుకుంటరు?"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. మనిషి కనపడకుండా పోయాడని ఫిర్యాదు చేయడానికి గడువంటూ లేదు. పదేళ్ల తర్వాతైనా ఇవ్వొచ్చు. ఇన్నాళ్లు ఎందుకు ఆగారో కాగితంలో ఉన్నదున్నట్టు రాయండి. మన స్టేషన్లలో "మ్యాన్ మిస్సింగ్", "ఉమన్ మిస్సింగ్" అని ఎఫ్ఐఆర్ చేస్తారు. ఆ నంబర్ పడితేనే మీ మనిషి వివరాలు సీసీటీఎన్ఎస్‌లోకి, అంటే దేశంలోని పోలీస్ స్టేషన్లను కలిపే కంప్యూటర్ రికార్డుల్లోకి ఎక్కుతాయి. ఎక్కడో వేరే జిల్లాలో రైలు పట్టాల పక్కన దొరికిన గుర్తు తెలియని మృతదేహం వివరాలతో పోల్చి చూడాలన్నా ఆ నంబరే ఆధారం. ఎఫ్ఐఆర్ లేకపోతే సర్కారు లెక్కలో ఆ మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

కొందరి దగ్గర కాగితం ఉంటుంది, కానీ అది ఎఫ్ఐఆర్ కాదు. పరకాల దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పాస్‌బుక్ లోపల మడిచిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి మెల్లగా తీశాడు. మడతల దగ్గర చిరిగితే వెనక నుంచి టేపు అంటించి ఉంది. దరఖాస్తు జిరాక్స్, దాని మీద స్టేషన్ రౌండ్ సీల్, పక్కన ఒక సంతకం. తమ్ముడు భీవండిలో మరమగ్గాల పనికి పోయాడు. దసరాకు వస్తున్నానని ఫోన్ చేసి బయల్దేరినవాడు ఇల్లు చేరలేదు. "కేసు పెట్టినం సారూ, సీలు కూడ ఉన్నది" అన్నాడు. సీల్ ఉంది, నంబర్ లేదు. కేసు నడుస్తోందన్న నమ్మకంతోనే ఇంటిల్లిపాదీ అన్నేళ్లు ఎదురుచూశారు. ఆయనకు ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఆయన వెంట నేనూ స్టేషన్‌కు పోయాను. ఎస్ఐ కాగితమంతా చదివి, రెండు ప్రశ్నలడిగి కేసు రాయించాడు. "మనిషి పోయింది మహారాష్ట్రలో కదా, ఇక్కడ ఎట్లా?" అని భయపడాల్సిన పనేమీ లేదు. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరానికి సంబంధించిన ఫిర్యాదును ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్‌గా తీసుకోవాలి. తీసుకోకపోతే అదే కాగితాన్ని రిజిస్టర్డ్ పోస్టులో కమిషనర్‌కో ఎస్పీకో పంపండి. తమ్ముడి ఆచూకీ ఇంకా దొరకలేదు. ఎఫ్ఐఆర్ నకలు మాత్రం ఇప్పుడు ఆ పాస్‌బుక్‌లో ఉంది.

ఆడపిల్ల అయితే పరువు అడ్డొస్తుంది. ఊరు ఏమంటుందోనని తలుపులేసుకుని ఏడ్చిన తల్లులను చూశాను, వాళ్లను తప్పుపట్టలేను. కానీ పిల్ల వయసు పద్దెనిమిది నిండకపోతే పోలీసులు కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందన్న అనుమానంతోనే ఎఫ్ఐఆర్ చేయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 24 గంటలు ఆగాలన్న రూల్ ఎక్కడా లేదు, పిల్లలకైనా పెద్దలకైనా. దయచేసి 24 గంటలు ఆగమని ఇంకెవరికీ చెప్పకండి.

అపోహ: "ఏడేళ్లు దాటితే చనిపోయినట్టే, కాగితాలు వాటంతటవే వస్తాయి."

రావు. ఏడేళ్లుగా అయినవాళ్లెవరికీ కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111. సివిల్ కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకోవాలి. కోర్టు అడిగేది ఏమిటి? ఎప్పుడు పోయాడు, ఎక్కడ వెతికారు, ఎఫ్ఐఆర్ ఏది, ఆచూకీ లేదని పోలీసులిచ్చిన సర్టిఫికెట్ ఏది. మళ్లీ మొదటికే వచ్చాం చూడండి. ఫౌతి (చనిపోయినవాళ్ల భూమిని వారసుల పేరు మీదికి మార్చడం) చేయించుకుందామని తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు అసలు తిరగాల్సింది స్టేషన్ చుట్టూ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కుటుంబమైతే ఏడేళ్లు ఆగే పని కూడా లేదు, ఎఫ్ఐఆర్ అయిన ఆరు నెలలకు ఫ్యామిలీ పెన్షన్ అడగొచ్చు.

ఇంకొకటి. మనిషి లేడు కదా అని బీమా ప్రీమియం ఆపేస్తారు. ఏడేళ్ల నిబంధన చనిపోయాడన్నంత వరకే, ఏ రోజు చనిపోయాడో అది చెప్పదని 2004లో ఎల్ఐసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్స్ అయితే పూర్తి బీమా సొమ్ము రాదు.

అపోహ: "ఆధార్ నంబర్ కొడితే దొరుకుతడు, కాల్ డేటా తీస్తే దొరుకుతడు."

ఆధార్ వివరాలు బయటికి రావాలంటే హైకోర్టు జడ్జి ఆర్డర్ కావాలి. వేలిముద్రలు అప్పుడు కూడా ఇవ్వరు. కాల్ డేటా తీసిస్తానని డబ్బు అడిగే డిటెక్టివ్ నేరం చేస్తున్నాడు. 2018లో థానే పోలీసులు అలాంటివాళ్లను అరెస్టు చేశారు. మా వృత్తికి లైసెన్స్ చట్టం లేదు. 2007లో బిల్లు పెట్టారు కానీ చట్టం కాలేదు. కాబట్టి "సర్కారు గుర్తింపు ఉంది" అని కార్డు చూపించేవాణ్ని నమ్మకండి.

మతిస్థిమితం తప్పి పోయినవాళ్ల గురించి ఆశ వదులుకోకండి. కాజీపేటలో ఎక్కిన రైలు బల్లార్షా దాటాక తెలుగు వినేవాళ్లు తగ్గిపోతారు, వాళ్లు చెప్పేది ఎవరికీ అర్థం కాదు. మహారాష్ట్రలోని కర్జత్‌లో డాక్టర్ భరత్ వాట్వానీ నడిపే శ్రద్ధా సంస్థ రోడ్ల మీద తిరిగే అలాంటివాళ్లను తీసుకెళ్లి, వైద్యం చేయించి సొంతూళ్లకు చేరుస్తుంది. ఆ పనికే ఆయనకు 2018లో మెగసెసే అవార్డు వచ్చింది.

దొరికిన మనిషి మేజర్ అయి, రానంటే మాత్రం నేను బలవంతంగా తేలేను. బతికున్నాడని చెబుతాను. అడ్రస్ ఇవ్వాలా వద్దా అన్నది అతని ఇష్టం.

అంజనం, సోది గురించి ఎక్కువ చెప్పను. కడుపుకోతతో ఉన్నవాళ్ల దగ్గర అంత డబ్బు గుంజడం పాపం. "మేడారం జాతరలో చూసినం", "వేములవాడ గుడి ముందర కనపడ్డడు" అనే ఫోన్లు అంతకంటే ప్రమాదం. పాంప్లెట్ పంచగానే మొదలవుతాయి. మీవాడు మా దగ్గరే ఉన్నాడు, ఫోన్‌పే చేయండి అంటారు.

అందుకే పాంప్లెట్‌లో అన్ని గుర్తులూ వేయకండి. పోలీసులకు మాత్రం అన్నీ రాసివ్వండి: పచ్చబొట్టు, విరిగిన పన్ను, ఆపరేషన్ కుట్లు, చొక్కా కాలర్ లోపలి టైలర్ లేబుల్ కూడా. పెళ్లిలో దిగిన స్టూడియో ఫొటో వద్దు, పోకముందు ఆఖరున దిగింది ఇవ్వండి, మసకగా ఉన్నా పర్వాలేదు. ఒక్క గుర్తు ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంచుకోండి. ఫోన్ వస్తే ముందు దాని గురించే అడగండి.