సియాటిల్ చేజారిన జట్టు: కథ మొదలైంది 1996 వేసవిలో

సియాటిల్ పక్కనే ఉన్న రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడికి కొత్తగా వెళ్లినవాళ్లకు ఒక విషయం వింతగా తోస్తుంది. 2008 నుంచి ఊరికి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు లేకపోయినా, పాత జట్టు ‘సూపర్‌సోనిక్స్’ను ముద్దుగా పిలుచుకునే ‘సోనిక్స్’ పేరుతో ఆకుపచ్చ, పసుపు రంగుల టీషర్టులు, టోపీలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. జట్టు ఏమైందని అడిగితే ఇద్దరి పేర్లు వినిపిస్తాయి. ఒకరు జట్టును అమ్మేసిన అప్పటి స్టార్‌బక్స్ అధినేత హోవార్డ్ షుల్జ్, రెండోవారు కొనుక్కుని తీసుకుపోయిన ఓక్లహోమా వ్యాపారి క్లే బెన్నెట్. ఇద్దరి పాత్రా కాదనలేనిది. అయితే నా ఉద్దేశంలో ఈ కథ ఆ అమ్మకానికి పదేళ్ల ముందే, జట్టు స్టార్ ఆటగాడు షాన్ కెంప్ మనసు విరిగినప్పుడే మొదలైంది.

కెంప్‌ది ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 1989 డ్రాఫ్ట్‌కు, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమానికి వచ్చాడు. సూపర్‌సోనిక్స్ అతణ్ని 17వ ఎంపికగా తీసుకుంది. అప్పటికి వయసు పంతొమ్మిదేళ్లు, ఎత్తు ఆరడుగుల పది అంగుళాలు. అంత ఎత్తు మనిషి అంత వేగంగా పరుగెత్తడం, అంత పైకి ఎగరడం చూసి జనానికి మతిపోయింది. 1992 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) గోల్డెన్ స్టేట్ జట్టు సెంటర్ ఆల్టన్ లిస్టర్ మీదుగా ఎగిరి, బంతిని నేరుగా రింగులో కుక్కిన డంక్ ఇప్పటికీ ఆ ఊరి వాళ్లు చెప్పుకుంటారు. లిస్టర్ వెనక్కి కూలబడ్డాడు. కెంప్ కిందికి దిగి, మోకాళ్లు వంచి, రెండు చేతులతో అతని వైపు వేళ్లు చూపించాడు. అప్పుడతనికి ఇరవై రెండేళ్లు.

సహచరుడు గ్యారీ పేటన్ బంతి పైకి విసరడం, కెంప్ గాల్లోనే అందుకుని రింగులో కుక్కడం ఆ జట్టు రోజువారీ పని. 1993-94లో 63 మ్యాచ్‌లు గెలిచారు. ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో డెన్వర్ మీద 2-0 ఆధిక్యం కూడా సాధించి, చివరికి 3-2తో ఓడిపోయారు. మొదటి స్థానంలో ఉన్న జట్టు ఎనిమిదో స్థానంలోని జట్టు చేతిలో ఓడటం ఎన్‌బీఏలో అదే మొదటిసారి. సియాటిల్ కోర్టు మీద వెల్లకిలా పడుకుని, బంతిని తలపైన రెండు చేతులతో పట్టుకుని నవ్వుతున్న డెన్వర్ ఆటగాడు డికెంబే ముటోంబో దృశ్యం ఆ ఊరికి ఇప్పటికీ కడుపుమంటే.

రెండేళ్లకు 64 విజయాలతో ఫైనల్స్‌కు చేరారు. ఎదురుగా 72 మ్యాచ్‌లు గెలిచిన షికాగో బుల్స్. 3-0తో వెనకబడ్డాక సొంతూళ్లో రెండు గెలిచి, ఆరో మ్యాచ్‌లో ఓడారు. ఆ సిరీస్‌లో కెంప్ మ్యాచ్‌కు సగటున 23.3 పాయింట్లు, 10 రీబౌండ్లు సాధించాడు. బుల్స్ స్టార్ మైకేల్ జోర్డాన్ ఎదురుగా నిలబడి మరీ ఆడిన ఆట అది.

అసలు దెబ్బ ఆ వేసవిలోనే పడింది. వాషింగ్టన్ డీసీ జట్టులో సగటున మూడు పాయింట్లు కూడా రాని జిమ్ మెక్‌ఇల్వైన్‌ అనే సెంటర్‌ను ఏడేళ్లకు 3.3 కోట్ల డాలర్లిచ్చి సోనిక్స్ తెచ్చుకుంది. జట్టును ఫైనల్స్‌కు మోసిన కెంప్ మాత్రం పాత ఒప్పందంలోనే ఉండిపోయాడు. దాన్ని వెంటనే తిరగరాయడానికి లీగ్ నిబంధనలు ఒప్పుకోలేదు. నిబంధనలది ఒక దారి, మనిషి మనసుది ఇంకో దారి. ఏడాది తిరిగేసరికి, 1997 సెప్టెంబర్‌లో కెంప్ క్లీవ్‌లాండ్ వెళ్లిపోయాడు. మూడు జట్ల మధ్య జరిగిన ఆ మార్పిడిలో సియాటిల్‌కు విన్ బేకర్ అనే ఆటగాడు వచ్చాడు.

క్లీవ్‌లాండ్ అతనికి 10 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం ఇచ్చింది. 1998-99లో యజమానులకు, ఆటగాళ్లకు మధ్య గొడవతో వచ్చిన లాకౌట్ వల్ల ఆట నెలల తరబడి ఆగిపోయింది. తిరిగొచ్చేటప్పటికి కెంప్ బాగా లావెక్కాడు. ఆ ఏడాది కూడా సగటున 20 పాయింట్లు దాటాడంటే ఆ చేతిలో ఎంత ఆట ఉందో ఆలోచించండి. కానీ ఎగరడమే ఊపిరిగా ఉన్న ఆటగాడికి ఒళ్లు బరువెక్కితే ఇంకేం మిగులుతుంది? 2001లో పోర్ట్‌లాండ్‌లో ఉండగా కొకైన్ వ్యసనానికి చికిత్సలో చేరాడు. 2003లో ఓర్లాండోలో అతని ఎన్‌బీఏ ఆట ముగిసింది. అప్పటికి ముప్పై మూడేళ్లే.

అటు సియాటిల్‌లో బేకర్‌ను మద్యం తినేసింది. 1999లో అతనికిచ్చిన 8 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం జట్టు మెడకు గుదిబండ అయింది. కెంప్ వెళ్లాక సోనిక్స్ మళ్లీ ఫైనల్స్ మొహం చూడలేదు. 2001లో షుల్జ్ బృందం జట్టును 20 కోట్ల డాలర్లకు కొన్నది. 2003లో పేటన్ కూడా వెళ్లిపోయాడు.

ఇక సోనిక్స్ ఆడే స్టేడియం గొడవ. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన హాలును పైకప్పు ఉంచి, 1995లో కొత్తగా మార్చి కీఅరీనా అన్నారు. పదేళ్లు నిండగానే అది చాలదని, 22 కోట్ల డాలర్ల ప్రజాధనంతో మళ్లీ మార్చాలని షుల్జ్ అడిగాడు. కాదనేసరికి 2006లో 35 కోట్లకు బెన్నెట్‌కు అమ్మాడు. ఆ నవంబర్‌లోనే, పెట్టిన డబ్బుకు తగిన రాబడి రాకపోతే క్రీడా జట్లకు నగరం సొమ్ము ఇవ్వకూడదని దాదాపు 74 శాతం ఓటర్లు తేల్చారు. నేను ఆ ఓటర్లను తప్పుపట్టను. అయితే జట్టు ఫైనల్స్ ఆడుతున్న రోజుల్లో ఈ ఓటింగ్ జరిగి ఉంటే ఫలితం ఇంత ఏకపక్షంగా ఉండేదా అన్న అనుమానం మాత్రం నన్ను వదలదు.

సియాటిల్‌లో ఉంచడానికి జట్టును కొనలేదని బెన్నెట్ భాగస్వామి ఆబ్రీ మెక్‌క్లెండన్ 2007లో ఓ పత్రికతో అనేశాడు. లీగ్ అతనికి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2008 ఏప్రిల్‌లో ఎన్‌బీఏ యజమానులు 28-2తో తరలింపుకు ఒప్పుకున్నారు. స్టేడియం లీజు 2010 దాకా ఉందని నగరం కోర్టుకెక్కింది. తీర్పు రావాల్సిన రోజే, జూలై 2న, 4.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. జట్టు ఓక్లహోమా సిటీకి వెళ్లి థండర్ అయింది. పేరు, రంగులు సియాటిల్‌కు మిగిలాయి.

ఆ జట్టుతో పాటే పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఇంకొకడు వెళ్లిపోయాడు. కెవిన్ డ్యురాంట్ సియాటిల్‌లో ఆడింది ఒక్క సీజనే. పదేళ్ల తర్వాత, 2018 అక్టోబర్‌లో, గోల్డెన్ స్టేట్ తరఫున సీజన్‌కు ముందు ఆడే ఓ ప్రీసీజన్ మ్యాచ్ కోసం అదే కీఅరీనాకు వచ్చాడు. ఆటగాళ్లను పరిచయం చేసేటప్పుడు డ్యురాంట్ కోర్టు మీదికి వచ్చింది సోనిక్స్ జెర్సీలో. దానిమీద ఉన్నది తన పాత నంబరు 35 కాదు, కెంప్ వేసుకున్న 40. హాలు మొత్తం లేచి నిలబడింది.