నాలుగు గ్లాసుల బియ్యం, నలభై కిలోల బియ్యం

మా ఇంట్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. నాలుగు గ్లాసులు పెడితే ఎనిమిది. ఈ లెక్క మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను, ఎప్పుడూ తప్పలేదు. మా చెల్లి పెళ్లిలో మాత్రం అది పనికిరాలేదు. గాడిపొయ్యి పక్కన నిలబడి చూస్తున్నాను. నలభై కిలోల బియ్యం. వంటాయన పెట్టిన ఎసరు మా ఇంటి లెక్కకు చాలా తక్కువ. పైగా మెతుకు ఇంకా పలుకుగా ఉండగానే కట్టెలు బయటకు లాగేసి, గుండిగ మీద మూత పెట్టి, ఆ పైన తడిగుడ్డ కప్పాడు. "ఇంకా ఉడకలేదు కదా బాబాయ్" అంటే, "దాని వేడికి అదే ఉమ్మగిల్లుద్ది బాబూ. ఇప్పుడు మంట తియ్యకపోతే ముద్దైపోద్ది" అన్నాడు. అంత బియ్యాన్నీ ఒకే పెద్ద గుండిగలో వెయ్యకుండా మూడింట్లో ఎందుకు సర్దారని కూడా అడిగాను. "కిందన్నం నలిగిపోదూ!" అన్నాడు.

ఆ రెండు జవాబులూ చాలాకాలం నా బుర్రలో తిరిగాయి. పెద్దయ్యాక చదివిన సైన్సులో, జంతుశాస్త్రం దగ్గర్నుంచి ఓడల తయారీ వరకు, ఎక్కడ చూసినా అవే రెండు జవాబులు కనిపించాయి.

లెక్క చిన్నదే. ఒక గిన్నెను తీసుకుని పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ రెట్టింపు చేయండి. దాని ఉపరితలం నాలుగు రెట్లవుతుంది. లోపల పట్టేది మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. పదింతలు పెంచితే ఉపరితలం వంద రెట్లు, లోపలి సరుకు వెయ్యి రెట్లు. వేడిని దాచుకునేది లోపలి సరుకు. వేడి పోయేది, ఆవిరి లేచేది ఉపరితలం నుంచి. గుండిగ పెద్దదయ్యేకొద్దీ సరుకుతో పోలిస్తే ఉపరితలం వెనకబడిపోతుంది. అందుకే కిలోకు ఆవిరయ్యే నీళ్లు తగ్గుతాయి, మంట తీసినా వేడి త్వరగా తగ్గదు. చిన్న గ్లాసులో టీ నిమిషాల్లో చల్లారిపోతే, క్యాన్‌లో టీ గంటల తరబడి పొగలు కక్కుతూ ఉండేదీ ఇందుకే.

ముందు "నలిగిపోదూ" సంగతి చూద్దాం. 1638లో, గృహనిర్బంధంలో ఉన్న వృద్ధుడు గెలీలియో రాసిన చివరి గ్రంథం హాలెండ్‌లోని లైడెన్‌లో అచ్చయింది. అందులో రెండు ఎముకల బొమ్మలు పక్కపక్కన వేశాడు. ఒకటి మామూలు ఎముక. రెండోది మూడింతలు పొడవైన జంతువులో అదే పని చేయాల్సిన ఎముక. అది పొడవుతో పాటు ఇంకా చాలా ఎక్కువగా లావెక్కి, వికారంగా ఉంటుంది. కారణం సూటిగా ఉంది. బరువు మోసే శక్తి ఎముకను అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, మోయాల్సిన బరువేమో ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. హనుమంతుడిలా మనిషి ఉన్న రూపంతోనే పదింతలు పెరిగాడనుకోండి. బరువు వెయ్యి రెట్లు, ఎముకల అడ్డుకోత వైశాల్యం వంద రెట్లు. ప్రతి చదరపు సెంటీమీటరు ఎముక మీదా పదింతల భారం పడుతుంది. దేవుడికైతే మహిమ ఉంది, మామూలు తొడ ఎముకకు అది లేదు. ఏనుగు కాళ్లు స్తంభాల్లా ఉండడం, జింక కాళ్లు పుల్లల్లా ఉండడం ఈ లెక్కలోంచి వచ్చినవే.

చిన్నవాటి వైపు వెళ్తే ఇదే లెక్క తిరగబడుతుంది. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుందని ఆశ్చర్యపోతాం. దాని కండరం మన కండరం కంటే గొప్పదేం కాదు, దాని బరువే దాని కండరంతో పోలిస్తే బహు తక్కువ. డాబా మీంచి చీమ కింద పడితే లేచి నడిచిపోతుంది. అదే చీమకు ఒక నీటిబొట్టు అంటుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మన జీవితాన్ని శాసించేది భూమి ఆకర్షణ, చీమ జీవితాన్ని శాసించేది నీటి తలతన్యత, అంటే నీటి పైపొర బిగుతు. ఇద్దరం ఒకే గడప మీద నడుస్తున్నా వేరువేరు లోకాల్లో ఉన్నాం.

ఈ విషయాన్ని మామూలు పాఠకులకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లలో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ది ముందు వరస. జంతువుల సైజు మీద 1926లో రాసిన ఒక చిన్న వ్యాసాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశాడు, పౌరసత్వం కూడా తీసుకున్నాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఇంత పెద్ద శాస్త్రవేత్త మన విద్యార్థులకు చివరి పాఠం అలా చెప్పాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలిసుండాల్సిన సంగతి.

ఇక "ఉమ్మగిల్లుద్ది" సంగతి. జంతువు కూడా వేడి పుట్టించే గుండిగ లాంటిదే. చిట్టెలుక ఒంటికి ఉపరితలం ఎక్కువ, సరుకు తక్కువ. వేడి ఎప్పటికప్పుడు కారిపోతుంటుంది కాబట్టి అది తింటూనే ఉండాలి. 1932లో మాక్స్ క్లైబర్ అనే స్విస్ మూలాలున్న శాస్త్రవేత్త, కాలిఫోర్నియాలో పనిచేస్తూ, రకరకాల జంతువులు ఖర్చు చేసే శక్తిని వాటి బరువుతో పోల్చి చూశాడు. శక్తి బరువుతో సమానంగా పెరగలేదు. ఉపరితలంతో సమానంగా కూడా పెరగలేదు. రెండింటికీ మధ్యలో, బరువుకు మూడు బై నాలుగో ఘాతంగా పెరిగింది. అంటే 40 గ్రాముల ఎలుక కంటే 400 కిలోల ఎద్దు పదివేల రెట్లు బరువు, కానీ దానికి కావాల్సిన శక్తి వెయ్యి రెట్లే. కిలోకు కిలో పోల్చితే ఎద్దు ఎలుకలో పదో వంతే ఖర్చు పెడుతుంది. ఈ ఘాతం అన్ని జీవులకూ సరిగ్గా ఇంతేనా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఎటు తేలినా, బరువు పెరిగినంతగా ఖర్చు పెరగదన్నది మాత్రం గట్టిగా నిలబడింది.

గుండె కూడా ఈ లెక్కలోనే నడుస్తుంది. రెండు గ్రాముల చుంచు జాతి ప్రాణి గుండె నిమిషానికి వెయ్యిసార్లకు పైగా కొట్టుకుంటుంది, ఏనుగు గుండె ముప్పై సార్లు. ఒకటి ఏడాదో రెండేళ్లో బతుకుతుంది, ఇంకొకటి అరవై డెబ్భై ఏళ్లు. జీవితకాలం మొత్తం మీద గుండె కొట్టుకునే లెక్క తీస్తే క్షీరదాలన్నింటికీ కాస్త అటూఇటూగా వంద కోట్ల దగ్గరికే వస్తుంది. మనిషి ఆ గీత దాటిపోయాడు. నిమిషానికి డెబ్భై చొప్పున డెబ్భై ఏళ్లకు 250 కోట్లు పైమాటే.

ఈ లెక్క తెలియకపోతే ఏం జరుగుతుందో 1962 ఆగస్టు 3న అమెరికాలోని ఓక్లహామా సిటీ జూలో కనిపించింది. టస్కో అనే పద్నాలుగేళ్ల మగ ఏనుగు. మగ ఏనుగులకు మదం పట్టే స్థితిని మందుతో కృత్రిమంగా తెప్పించవచ్చేమో చూద్దామని ముగ్గురు పరిశోధకులు దానికి భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డీ అనే మందు ఇవ్వాలనుకున్నారు. ఎంత ఇవ్వాలి? అంతకుముందు చిన్న జంతువులకు ఇచ్చిన మోతాదుల్ని చూసి, కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున గుణించారు. టస్కో బరువు దాదాపు మూడు టన్నులు. మొత్తం 297 మిల్లీగ్రాములు. మనిషికైతే 0.1 మిల్లీగ్రాము చాలు, లోకం తలకిందులవుతుంది. మందు పడిన ఐదు నిమిషాలకు టస్కో ఘీంకరించి, తూలి, పక్కకు కూలిపోయింది. మూర్ఛ వచ్చింది. తేరుకోవడానికి వేరే మందులిచ్చారు. గంటా నలభై నిమిషాలకు ప్రాణం పోయింది.

ఆ మరణానికి ఎల్‌ఎస్‌డీ ఒక్కటే కారణమా, తర్వాత ఇచ్చిన మందుల పాత్ర ఎంత అన్నది తేలలేదు. కానీ మోతాదు వేసిన పద్ధతి తప్పన్న విషయంలో నాకు సందేహం లేదు. మందును అరిగించుకునే వేగం, దాన్ని బయటకు పంపే వేగం బరువుతో సమానంగా పెరగవు. పిల్లిని వెయ్యి రెట్లు చేస్తే ఏనుగు అవ్వదు. ఇప్పుడు కొత్త మందును చిట్టెలుకల మీద పరీక్షించాక మనుషులకు మొదటి మోతాదు లెక్కగట్టేటప్పుడు, చిట్టెలుకకు కిలోకు ఇచ్చిన మోతాదును సుమారు 12తో భాగిస్తారు. అది ఒంటి ఉపరితలం ఆధారంగా వచ్చిన అంకె. చాలా క్యాన్సర్ మందుల మోతాదు కూడా రోగి శరీర ఉపరితలం ఎన్ని చదరపు మీటర్లన్నదాన్ని బట్టే రాస్తారు. పసిపిల్లలకు పెద్దవాళ్ల మాత్రను విరిచి సగం ఇచ్చేయకూడదని డాక్టర్లు మొత్తుకునేది అందుకే. పసిబిడ్డ అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు.

సైజు తగ్గించుకుంటూ ఇంకా కిందికి వెళ్దాం. టీలో అల్లం ముక్క వేస్తే ఘాటు రాదు, దంచి వేస్తే వస్తుంది. దంచితే అల్లం పెరగలేదు, నీళ్లకు తగిలే ముఖం పెరిగింది. సెంటీమీటరు ఘనాన్ని తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు, అగ్గిపెట్టె పైముఖమంత కూడా లేదు. అదే ఘనాన్ని ఒక్కో నానోమీటరు (మిల్లీమీటరులో పది లక్షల వంతు) ముక్కలుగా కోయగలిగితే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లు. దాదాపు ఎకరంన్నర పొలం. నానో పదార్థాలు అంత చురుగ్గా ఉండడానికి ఒక కారణం ఇది.

ఇంకో కారణం మరింత వింతగా ఉంటుంది. బంగారం పచ్చగా ఉంటుందని మనకు గట్టి నమ్మకం. 1857లో మైకేల్ ఫారడే బంగారాన్ని అతి సన్నటి కణాలుగా నీళ్లలో తేలేట్టు చేస్తే ఆ నీళ్లు కెంపు రంగులోకి వచ్చాయి. కోవిడ్ రోజుల్లో ఇంట్లో టెస్టు చేసుకుని, టెన్షన్‌గా పట్టీ వైపు చూస్తూ కూర్చున్నాం కదా, చాలా కిట్లలో ఆ ఎర్రగీత బంగారపు నానో కణాలదే. క్వాంటం చుక్కలనే అతి చిన్న రేణువుల్లోనైతే ఒకే పదార్థం, ఒకే రసాయనం, రెండు నానోమీటర్ల రేణువైతే నీలంగా, ఆరు నానోమీటర్లదైతే ఎర్రగా మెరుస్తుంది. ఎలక్ట్రాన్ ఉన్న గది ఇరుకైతే దాని శక్తి మెట్ల మధ్య దూరం పెరుగుతుంది, మెరుపు నీలం వైపు జరుగుతుంది. ఈ పనికే 2023లో ఎకిమోవ్, బ్రూస్, బవెండిలకు రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. రంగు అనేది పదార్థానికి పుట్టుకతో వచ్చే గుణం అనుకున్నాం. ఆ స్థాయిలో అది సైజుకే లొంగిపోయింది.

మరి బొమ్మ ఓడను చూసి అసలు ఓడ గురించి చెప్పడం ఎలా? ఇది ఇంజనీర్లను చాలాకాలం ఏడిపించింది. 1860ల్లో విలియం ఫ్రౌడ్ అనే ఆంగ్లేయుడు ఒకే ఆకారంలో 3, 6, 12 అడుగుల నమూనాలు చేసి నీళ్లలో లాగి చూశాడు. ఒకే వేగంతో లాగితే అలల తీరు కుదరలేదు. వేగాన్ని పొడవు వర్గమూలం చొప్పున తగ్గిస్తే అలలు అచ్చు ఒకేలా లేచాయి. 100 మీటర్ల ఓడ 20 నాట్ల వేగంతో వెళ్లాలంటే, 4 మీటర్ల నమూనాను 4 నాట్లతో లాగి చూడాలి. ఇరవై అయిదో వంతు పొడవుకు అయిదో వంతు వేగం. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఇలా నమూనాల్ని లాగి పరీక్షించే 500 మీటర్ల పొడవైన తొట్టి ఉంది. ఫ్రౌడ్ సూత్రం అక్కడ రోజువారీ పనిముట్టు.

ఇంతవరకూ పొడవు, వైశాల్యం, ఘనపరిమాణం అనే మూడూ స్పష్టంగా వేరని అనుకుంటూ వచ్చాం. గీతకు ఒక మితి, కాగితానికి రెండు, ఇటుకకు మూడు. ప్రకృతి ఈ గడుల్లో సరిగ్గా ఇమడదు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త దేశాల సరిహద్దుల పొడవులు చూస్తుంటే, స్పెయిన్, పోర్చుగల్ మధ్య ఒకే సరిహద్దు ఒక చోట 987 కిలోమీటర్లని, ఇంకో చోట 1,214 కిలోమీటర్లని కనిపించింది. ఇద్దరూ నిజాయితీగానే కొలిచారు. చిన్న కొలబద్ద పట్టుకున్నవాడికి ఎక్కువ వంకరలు దొరికాయి. 1967లో బెన్వా మాండెల్‌బ్రాట్ దీన్ని పట్టుకుని, బ్రిటన్ తీరం పొడవెంత అని అడిగి, ఆ ప్రశ్నకు ఒకే జవాబు లేదని చూపించాడు. కొలబద్దను మూడో వంతుకు తగ్గిస్తే సరళరేఖ మీద మూడు రెట్లు పడతాయి. బ్రిటన్ పశ్చిమ తీరం మీద సుమారు నాలుగు రెట్లు పడతాయి. అందుకని దాని మితి 1 కాదు, 2 కూడా కాదు, దాదాపు 1.25.

మన దేశంలో ఇది ఈమధ్యే జరిగింది. మన తీరరేఖ 7,516.6 కిలోమీటర్లని బళ్లో బట్టీపట్టాం. ఇప్పుడది 11,098.81 కిలోమీటర్లు. సముద్రం ముందుకు రాలేదు, నేల వెనక్కి పోలేదు. 1970ల నాటి కొలత 1:45,00,000 పటం మీద చేసింది, కొత్తది అంతకంటే చాలా వివరంగా ఉన్న 1:2,50,000 పటం మీద. గుజరాత్ తీరం దాదాపు రెట్టింపైంది. పశ్చిమ బెంగాల్‌ది 157 నుంచి 721 కిలోమీటర్లకు చేరింది, సుందరబన్‌లలో అన్ని పాయలున్నాయి మరి. ఆంధ్రప్రదేశ్ 973.7 నుంచి 1,053.07కు మాత్రమే పెరిగింది. మన తీరం అంత తిన్నగా ఉంటుంది.

ఈ ముడతల తెలివిని మన ఒళ్లు ఎప్పుడో కనిపెట్టింది. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టం రెండుగా, ఆ రెండూ నాలుగుగా, అలా ఇరవై మూడుసార్లు చీలుతూ పోతుంది. చివరికి కోట్లాది గాలిగదులు, సుమారు 70 చదరపు మీటర్ల ముఖం, అంతా ఛాతీలో మడిచిపెట్టినట్టు. శరీరం పెద్దదయ్యేకొద్దీ ఉపరితలం వెనకబడుతుందని మొదట్లో చెప్పుకున్నాం. దానికి శరీరం ఇచ్చిన సమాధానం ఈ కొమ్మలు. క్లైబర్ లెక్కలోని మూడు బై నాలుగు కూడా ఇలాంటి కొమ్మల రక్తనాళాల వల్లే వచ్చిందని 1997లో వెస్ట్, బ్రౌన్, ఎన్‌క్విస్ట్ వాదించారు. ఒళ్లంతా పరుచుకున్న కొమ్మలు మూడు మితుల శరీరానికి నాలుగో మితి ఉన్నట్టు ప్రవర్తిస్తాయని వాళ్ల మాట. అందరూ ఒప్పుకోలేదు, నాకు మాత్రం ఇంతకంటే అందమైన వివరణ కనపడలేదు.

మన తీరం తిన్ననిదన్నాను కానీ, హాల్డేన్ శరీరం చేరిన కాకినాడకు కాస్త దూరంలో కోరింగ మడ అడవులున్నాయి. పడవలో లోపలికి వెళ్తే పెద్ద పాయలోంచి చిన్న పాయ, దాంట్లోంచి ఇంకా చిన్నది. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, నీళ్ల అంచు చెట్ల మధ్యకు జరుగుతుంది, మళ్లీ వెనక్కి పోతుంది. అక్కడ టేపు పట్టుకుని తీరం కొలవమంటే ఎక్కడ మొదలుపెడతారు? పాయ అంచునా, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేరు చుట్టూనా, ఆ వేరుకు పట్టుకున్న నత్తగుల్ల చుట్టూనా?