విశాఖ ఉక్కు: పుట్టుకతోనే వడ్డీ

విశాఖ ఉక్కు ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిములు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఇంటి ఆడపిల్లలకు పెట్టినట్టే పేర్లు పెట్టుకున్నారు. 2024 సెప్టెంబరులో మూడింట్లో ఒక్కటే మండింది. అప్పుడు బొగ్గుకి డబ్బుల్లేకపోయాయి. పని రాక కాదు, పెట్టుబడి లెక్క మొదట్నుంచీ వంకరగా ఉండి ఇంతదాకా వచ్చింది.

ఈ ప్లాంటు కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, జాతికి అంకితమయ్యేసరికి 1992 ఆగస్టు వచ్చింది. 1981 ధరల్లో దాదాపు 3,900 కోట్లనుకున్న ఖర్చు 8,500 కోట్లు దాటింది. సామర్థ్యాన్ని మాత్రం 34 లక్షల టన్నుల నుంచి 30 లక్షలకు కుదించారు. ఖర్చు పెరిగి సరుకు తగ్గిందన్నమాట!

ఆలస్యం ఖరీదు ఎంతో ఒక చిన్న లెక్క. నూటికి 12 చక్రవడ్డీకి తెచ్చిన వంద రూపాయలు ఐదేళ్లు పునాదుల్లో పడి ఉంటే 176 అవుతాయి. అప్పటికి ఒక్క ఊచ కూడా అమ్మలేదు.

అందుకే 1993లో, మళ్లీ 1998లో, ప్లాంటు అప్పుల్లో కొంత కేంద్రం వాటాల కింద మార్చింది. డబ్బు అదే, స్వభావం వేరు. లాభం లేని ఏడాది వాటాదారు ఊరుకుంటాడు, అప్పిచ్చినవాడు ఊరుకోడు. 2000 తర్వాత ఉక్కు ధరలు ఎగిశాయి, పాత బాకీలు తీరాయి. ఆ ఊపులో విస్తరణ మొదలెట్టారు: ముందు 63 లక్షల టన్నులు, ఆపైన 73 లక్షలు. ఇందుకు మళ్లీ భారీగా అప్పులు చేశారు. కొత్త యూనిట్లు చేతికొచ్చేసరికి ప్రపంచ మార్కెట్లో ధరలు జారిపోయాయి. పైగా సొంత ఇనుప గని లేదు. టాటా, సెయిల్‌లకు ఉంది. ఇక్కడికి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజం కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైన్ మీద వస్తుంది, మార్కెట్ ధరకే కొనాలి. ధర పడిన ఏడాది వాళ్లకి లాభం తగ్గుతుంది, వీళ్లకి నష్టం మొదలవుతుంది. ఫర్నేసు ఆగినా వడ్డీ ఆగదు కదా.

2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది: 10,300 కోట్లు కొత్త వాటా మూలధనం, 1,140 కోట్ల వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ ఖర్చుల) రుణం ప్రిఫరెన్స్ షేర్లుగా (లాభంలో ముందు వంతు దక్కే వాటాలుగా) మార్పు. 1998 నాటి మందే, డోసు పెద్దది. సొంత గని ఊసు మాత్రం అందులో లేదు.